ఆది జాకెట్లు

గంగరత్న పనిచేసే లాబొరేటరీలో కొడవలితో నరకడానికి ఒక మనిషిని జీతమిచ్చి పెట్టుకున్నారు. అతని పేరు మస్తాన్. రాయదుర్గం మార్కెట్లో మాంసం కొట్టు నడిపి మూసేసినవాడు. దెబ్బ ప్రతిసారీ ఒకే చోట, ఒకే బరువుతో పడాలని డాక్టర్ నరహరి అతన్ని ఏరికోరి తెచ్చుకున్నాడు. రోజూ పొద్దున్నే గొర్రె డొక్కలు వచ్చేవి. వాటిని రబ్బరు బొమ్మ ఛాతీలో అమర్చి, పైన కవచం తొడిగి, అందరూ గాజు తలుపు వెనక్కి వెళ్ళాక మస్తాన్ బిస్మిల్లా అనుకుని వేటకొడవలి ఎత్తేవాడు. నరికేది బొమ్మనే అయినా ఆ మాట అనకుండా అతని చెయ్యి లేచేది కాదు.

కవచమంటే ఇనప చొక్కా కాదు. చూడ్డానికి పక్కన పట్టీలతో బిగించే చేతుల్లేని బనీను, ఎవరికైనా పట్టేంత వదులుగా వేలాడుతుంది. దాన్ని అల్లిన దారంలోనే ఉంది మాయంతా. అంచు తగిలినా రాయి తగిలినా దారం రెప్పపాటులో ముడుచుకుని ఒంటిని కరుచుకుంటుంది. కరుచుకున్నాక బండలా బిగుసుకుంటుంది. మొదట్లో ఒకసారి బొమ్మకు ఉండాల్సిన దానికన్నా పెద్ద కొలత పెట్టారు. దారం ఒంటిని అందుకోలేదు, కొడవలి డొక్కల్లోకి పిడిదాకా దిగింది. "బిగిస్తేనే కవచం, వదులైతే గోనెసంచి" అని నరహరి ఆ రోజే గోడమీద రాయించాడు.

ఎంతదాకా ముడుచుకుని ఆగాలో చెప్పే అంకె కాలరులో కుట్టిన చిన్న బిళ్ళలో ఉంటుంది. అంకె ఎక్కడంటే అక్కడే ఆగుతుంది. అంతకుమించి దానికేమీ తెలియదు. లోపల ఉన్నది మనిషా, గొర్రె డొక్కా అని అది అడగదు.

ఆ అంకెలు ఎక్కించడమే గంగరత్న పని. కంప్యూటర్లో ఒక ఎక్సెల్ షీటు, అందులో మనిషికొక వరుస, వరుసకొక ఛాతీ కొలత. ఆ షీటును ప్యాటర్న్ సాఫ్ట్‌వేర్‌లోకి దింపితే అది ఆ ఒక్క కొలతను బట్టే ఛాతీకింత, నడుముకింత అని దారానికి దారి గీసి, ఆ లెక్కను బిళ్ళలో వేసేది. బిళ్ళ దగ్గర్లో ఉంటే చాలు, వైరు కూడా అక్కర్లేదు. గంగరత్న జాకెట్లు కుట్టే దర్జీ కూతురు. అక్షరాలకన్నా ముందు టేపు మీది అంకెలు నేర్చుకుంది. నరహరి ఆమెను తీసుకున్నది కూడా అందుకే.

అవి నీళ్ళకోసం నరుక్కుంటున్న రోజులు. వానలు మొహం చాటేసి ఏళ్ళయింది. కోడిగుట్ట పంపుహౌసు నుంచి పోయే పైపులైను చుట్టుపక్కల ఊళ్ళకు చుక్క వదలకుండా ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీలకు పోతుంది. ఊళ్ళవాళ్ళు ఊరుకుంటారా? పైపులు పగలగొట్టారు, కాపలా ఉన్న మగవాళ్ళిద్దరిని గేటు ముందే నరికారు. నీళ్ళ కంపెనీవాళ్ళకు అప్పుడొక తెలివి పుట్టింది. ఆడవాళ్ళను కాపలా పెడితే కొడవలి ఎత్తరు గదా అనుకున్నారు. దాహం వేసినవాడికి ఆడా మగా ఏమిటి? ఆ తెలివి నెల తిరక్కుండానే తెల్లారింది. ఒకామె చెయ్యి తెగింది. అప్పుడు పరుగెత్తుకుంటూ నరహరి దగ్గరికి వచ్చి, ఆడ గార్డులు ఇరవైమందికీ కవచాలు కావాలన్నారు. ఆ ఇరవైమందికి పెద్ద గంగరత్న చెల్లెలు వన్నూరమ్మ.

అమ్మానాన్నా పోయాక అక్కాచెల్లెళ్ళు ఇద్దరే ఆ ఇంట్లో ఉంటున్నారు. ఆ ఉద్యోగం మానెయ్యమని గంగరత్న చెప్పని రోజు లేదు, వన్నూరమ్మ విన్న రోజు లేదు. కవచాల సంగతి తెలిసిన రోజు మాత్రం గంగరత్న కడుపు నిండా అన్నం తింది. ఇక చెల్లెలి ప్రాణం తన చేతిలో ఉందనుకుంది. ఆ మాట నిజమే.

కొలతలకని నరహరి ఒక కుర్ర అసిస్టెంటును టేపిచ్చి పంపితే, గార్డులు వాణ్ణి గేటుదాకా తరిమి వచ్చారు. గంగరత్న విని నవ్వింది. ఇంతోటి దానికి ఒళ్ళు కొలవడమెందుకు, ఆది జాకెట్లు తెప్పిస్తే పోలేదా అంది. అక్కడి ఆడవాళ్ళెవరూ దర్జీ చేత ఒళ్ళు కొలిపించుకోరు. సరిగ్గా పట్టే పాత జాకెట్టొకటి ఇచ్చి ఇదే ఆది అంటారు. దర్జీ దాన్ని బల్లమీద పరిచి, ఈ చంక నుంచి ఆ చంకకు టేపు పెట్టి, వచ్చింది రాసుకుంటాడు. అది చుట్టుకొలతలో సగం. గుడ్డ మడతేసి కోస్తాడు కాబట్టి అతనికి కావలసింది కూడా సగమే. గంగరత్న వాళ్ళ నాన్న బతికినంత కాలం అలాగే రాశాడు. ఆ ఇంట్లో నిండు కొలత రాసిన పాపాన పోయినవాళ్ళు లేరు.

సంచీ నిండా జాకెట్లు వచ్చాయి. చెమట వాసన, పసుపు మరకలు, తెగిన హుక్కులు. గంగరత్న ఒక్కొక్కటీ పరిచి టేపు పెట్టి షీటులో కొట్టింది. పదిహేడు, పద్దెనిమిది, పదహారున్నర.

వన్నూరమ్మకు ఆది లేదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి అన్నీ రెడీమేడ్ చుడీదార్లే. అందుకని గంగరత్న ఆమెను పెరట్లో బట్టలుతికే రాయి పక్కన నిలబెట్టి ఛాతీ చుట్టూ టేపు తిప్పింది. గిలిగింతలు పెట్టొద్దని వన్నూరమ్మ మెలికలు తిరిగింది, కదలొద్దని గంగరత్న నెత్తిన ఒకటి ఇచ్చింది. ముప్పైనాలుగు వచ్చింది. మర్నాడు లాబొరేటరీలో దాన్ని చివరి వరుసలో కొట్టింది. పరిచిన జాకెట్టు మీద టేపు చూపించింది అక్కడ రాసింది, ఒంటి మీద టేపు చూపించింది ఇక్కడ రాసింది. చేతికి రెండూ ఒకటే పని.

షీటు దింపగానే సాఫ్ట్‌వేర్ ఎర్రబడింది. పంతొమ్మిది వరుసల్లో ఈ కొలత మనిషిది కాకపోవచ్చని చూపించి, తీసుకోనని మొండికేసింది. చివరి వరుస ఒక్కటే మామూలుగా ఉంది. గంగరత్న నరహరిని పిలిచింది. ఆయన మరో పనిలో ఉన్నాడు. మర్నాడే కవచాలు పంపాలని అటునుంచి ఫోన్ల మీద ఫోన్లు. నిలబడే తెర వంక ఒక చూపు చూసి, ఆ తనిఖీ ఏ దేశపు ఒళ్ళకో రాసిందనీ, మన ఆడవాళ్ళు తిండిలేక సన్నంగా ఉంటారనీ, దాన్ని తీసేసి దింపమనీ చెప్పాడు. గంగరత్నకు ఎక్కడో ఏదో కొద్దిగా గుచ్చుకుంది. కానీ చదువుకున్నాయన చెప్పాక ఇంకా ఏమిటనుకుంది. తనిఖీ తీసేసింది. షీటు చక్కగా దిగింది.

కవచాలు పంపుహౌసుకు వెళ్ళాయి. వేసుకుంటే తేడా ఎవరికి తెలుస్తుంది? దెబ్బ తగిలేదాకా అన్నీ వదులు బనీన్లే. ఆ వారం వన్నూరమ్మ ఇంటికొచ్చి ఉగ్గాని తింటూ కబుర్లన్నీ చెప్పింది. కవచాలు చూసి ఊళ్ళవాళ్ళు నాలుగు రోజులుగా గేటు దగ్గరికి రాలేదట. గార్డుల్లో హనుమక్క అనే ఆమె మాత్రం దాన్ని ఇంటికి కూడా వేసుకుపోతానని గొడవట. ఎందుకంటే తాగొచ్చి కొట్టే మొగుడున్నాడు మరి. కంపెనీ సరుకు ఇంటికి ఇవ్వరని చెబితే, అయితే మొగుణ్ణే డ్యూటీకి తెచ్చుకుంటానందట. అక్కాచెల్లెళ్ళు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

తరువాతి వారం కవచాన్ని చూడ్డానికి పెద్ద అధికారులు వచ్చారు. ఆడ గార్డుల కవచం చూపిస్తే పేపర్లో బాగుంటుందని, అదనంగా కుట్టిన ఒకటి తీసి బొమ్మకు తొడిగించాడు నరహరి. అప్పటిదాకా బొమ్మ మీద నరికినవన్నీ మగవాళ్ళవే. మస్తాన్ బిస్మిల్లా అనుకుని కొడవలి ఎత్తాడు.

దెబ్బ పడింది. కవచం ముడుచుకుంది, ముడుచుకుంటూనే ఉంది. లోపల డొక్కలు ఎండుకట్టెల్లా ఫటఫటా విరిగాయి. బొమ్మ నడిమికి నొక్కుకుపోయి, మాంసం ముద్దలు మెడ కంతలోంచి పైకి తన్నుకొచ్చాయి. గాజు తలుపు మీద నెత్తురు చిందింది. ఒక అధికారి గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. మస్తాన్ కొడవలి కింద పడేసి వెనక్కి వెళ్ళాడు. పదేళ్ళు మాంసం కొట్టినవాడు, అతని మొహం పాలిపోయింది.

గంగరత్న పరుగున వెళ్ళి బిళ్ళలోని అంకె చూసింది. ఛాతీ పదిహేడు. చూడగానే అర్థమైంది. దర్జీ మడతేసి కోసిన గుడ్డ విప్పగానే సగం రెట్టింపవుతుంది. సాఫ్ట్‌వేర్‌కు ఆ మడత తెలియదు. పంతొమ్మిది మంది ఆడవాళ్ళు సగం కొలత తొడుక్కుని కొడవళ్ళ ముందు నిలబడి ఉన్నారు.

వెంటనే ఆమెకు వచ్చిన ఆలోచన ఏమిటంటే, వన్నూరమ్మది నిండు కొలత. చెల్లెలికి భయం లేదు. ఒళ్ళంతా చల్లబడి, హమ్మయ్య అనుకుంది. ఆ మరుక్షణమే, అట్లా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. హనుమక్క గుర్తొచ్చింది.

నరహరి ఆమెను పక్కకు లాక్కుపోయాడు. అధికారులు వెళ్ళేదాకా నోరు మెదపొద్దనీ, పాడైన ముక్క ఒకటని చెబుతాననీ, అన్నీ రేపు వెనక్కి తెప్పిద్దామనీ అన్నాడు. ఈలోపల ఎవరైనా కొడితే ఏమిటని ఆమె అడిగింది. ఇన్ని రోజులుగా ఎవరూ కొట్టలేదు గదా అన్నాడాయన. గంగరత్న పంపుహౌసుకు ఫోను చేసింది. డ్యూటీలో గార్డుల ఫోన్లు పెట్టెలో పెడతారు. ఆఫీసు ఫోను ఎత్తినవాడు రొప్పుతూ, జనం వస్తున్నారు, కొడవళ్ళు తెస్తున్నారు అని పెట్టేశాడు.

లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆమె బయటికి వస్తే, మస్తాన్ అప్పటికే బండి స్టార్ట్ చేసి ఉన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు, ఎక్కడికని అతనూ అడగలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో కోడిగుట్ట దారంతా దుమ్ము లేపుకుంటూ పోయారు.

గేటు ముందు గార్డులు వరసగా నిలబడి ఉన్నారు. ఎదురుగా, కేకేస్తే వినబడే దూరంలో, జనం. ముందు వరుసలో కొడవళ్ళు, గడ్డపారలు, వెనక ఖాళీ బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు. అప్పుడప్పుడూ ఒక రాయి వచ్చి పడుతోంది. మస్తాన్ వెనకదారిన తీసుకెళ్ళి గోడ పక్కన దింపాడు. గంగరత్న వంగి పరుగెత్తి చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"అందరినీ కవచాలు ఇప్పమను" అంది.

వన్నూరమ్మ ఆమెకు పిచ్చెక్కిందా అన్నట్టు చూసింది. "ఇప్పుడు ఇప్పితే నరుకుతారక్కా. ఏమిటికి ఇప్పల్ల?"

"నేను కొలత తప్పు రాసినా. సగమే రాసినా. ఒక్క దెబ్బ తగిల్తే అది డొక్కలిరిచేస్తాది."

"నాది?"

"నీది బాగుండాది. నీదొక్కటే."

వన్నూరమ్మ వరస వంక చూసింది, జనం వంక చూసింది. "ఇప్పేదానికి టయిం లేదు. నాది బాగుంటే నేను ముందర నిలబడతా. నువ్వు చేసేదేందో బిరీన చెయ్" అని చెయ్యి విడిపించుకుని, వరసకు నాలుగడుగులు ముందుకు వెళ్ళి నిలబడింది. రండి చూద్దామన్నట్టు లాఠీ నేలకు తాటించింది.

గంగరత్న గోడవార కూలబడి లాప్‌టాప్ తెరిచింది. షీటు తెరిచి, ఛాతీ అంకెల పక్క గడిలో రెట్టింపు అని సూత్రం కొట్టింది. ఇక దాన్ని కిందికి లాగాలి, చివరి వరుస మాత్రం వదిలెయ్యాలి. చివరి వరుస వదలాలి, చివరి వరుస వదలాలి అని నోటితో అనుకుంటూనే ఉంది.

అప్పుడొక రాయి వన్నూరమ్మ తలమీదుగా వచ్చి హనుమక్క భుజం కింద తగిలింది. పెద్ద రాయి కూడా కాదు. హనుమక్క అబ్బా అనబోయింది, అనడానికి ఊపిరి లేదు. కవచం ఆమెను పట్టి పిండింది. ఎముకలు విరిగిన చప్పుడు గంగరత్నకు స్పష్టంగా వినిపించింది. ఆ చప్పుడు ఆమె ఆ రోజే ఒకసారి విని ఉంది. హనుమక్క కళ్ళు బయటికి పొడుచుకొచ్చాయి, ముక్కుల్లోంచి నోట్లోంచి నెత్తురు దూకింది. నిలబడిన మనిషి నిలబడినట్టే మోకాళ్ళ మీదికి కూలి, పక్కకు ఒరిగింది. మస్తాన్ ఉరికి కవచం కిందికి వేళ్ళు దూర్చాలని చూశాడు. వేళ్ళు దూరే సందు లేదు. గోళ్ళు ఊడి అతని చేతికే నెత్తురొచ్చింది. పక్కనున్న పిల్ల గార్డు కెవ్వుమంటూ తన కవచం పీక్కోవడం మొదలుపెట్టింది, పట్టీలు రాక ఇంకా అరిచింది.

గంగరత్న వేళ్ళు వాటంతటవే కదిలాయి. గడి మూల రెండుసార్లు నొక్కింది. అట్లా నొక్కితే సూత్రం ఎక్కడా ఆగదు, వరుసలున్నంత వరకు అడుక్కంటా దిగుతుంది. షీటు దింపింది. ఈసారి కూడా సాఫ్ట్‌వేర్ ఒక్క మాట అనలేదు. అనే తనిఖీని ఆమె తన చేత్తోనే తీసేసింది. అది ఉండి ఉంటే, ఒకే ఒక్క వరుస ఎర్రబడేది. పంపు అని నొక్కింది.

అంకె అందిన బిళ్ళ చిన్నగా కూస్తుంది. వరసలో ఒక్కొక్క మెడ దగ్గరా కూత. ఇటునుంచి అటు అందరివీ కూశాయి. గంగరత్న గోడకు తల ఆన్చి కళ్ళు మూసుకుంది. అప్పుడు దూరంగా, ముందు నుంచి, ఇంకొక కూత వినబడింది.

అది వినబడకూడని కూత. కళ్ళు తెరిచి తెర వంక చూసింది. చివరి వరుసలో అరవై ఎనిమిది. బనీనే అంత లేదు. అంటే ఆ దారం ముడుచుకోనే అక్కర్లేదు.

ముప్పైనాలుగు అని కొట్టబోయింది. మొదట నలభై మూడు పడింది, చెరిపి మళ్ళీ కొట్టింది. అప్పటికే జనం కదిలారు. వరద వచ్చినట్టు వచ్చి మీద పడ్డారు. కొడవళ్ళు లేచాయి, దిగాయి. కవచాల మీద పడిన కొడవలి పడినట్టే జారిపోతోంది. నరికినవాడి మణికట్టే మెలిపడుతోంది. పిల్ల గార్డు మీద పడిన గడ్డపార వెనక్కి ఎగిరి, దాన్ని పట్టినవాడి పళ్ళు రాలగొట్టింది. గార్డులు ఏడుస్తూనే లాఠీలు తిప్పుతున్నారు, తలలు పగులుతున్నాయి, బిందెలు కాళ్ళకింద నలుగుతున్నాయి.

గంగరత్న లేచి గొంతు చించుకుని అరిచింది. "వన్నూరూ, వెనక్కి రా. నీది పోయింది, వెనక్కి రా."

వన్నూరమ్మకు ఆ రొదలో పిలుపు వినబడింది గానీ మాట వినబడలేదు. తిరిగి చూసింది. తన వాళ్ళ మీద కొడవళ్ళు జారిపోవడం చూసింది. అక్క బాగుచేసిందని ఆమె మొహం వెలిగింది. ఒకడు కింద పడున్న హనుమక్క మీదికి కొడవలి ఎత్తాడు. వన్నూరమ్మ రెండంగల్లో వచ్చి ఆమెకూ వాడికీ మధ్య నిలబడి, చేతులు కూడా అడ్డం పెట్టకుండా ఛాతీ ఇచ్చింది.

గంగరత్న పంపు నొక్కిందో లేదో ఆమెకు తరువాత కూడా గుర్తు రాలేదు. కొడవలి ఎడమ రొమ్ము పక్కన పిడిదాకా దిగింది. నరికినవాడే బిత్తరపోయాడు. జారుతుందనుకున్నది దిగేసరికి పిడి వదిలేసి వెనక్కి నడిచి, తిరిగి పరుగెత్తాడు. వాణ్ణి చూసి పక్కవాడు, పక్కవాణ్ణి చూసి మిగిలినవాళ్ళు. కాసేపటికి గేటు ముందు దుమ్ము, చెప్పులు, సొట్టబిందెలు మిగిలాయి.

గంగరత్న చేరేసరికి వన్నూరమ్మ నేలమీద కూర్చుని ఉంది, హనుమక్క కాళ్ళకు ఆనుకుని. కవచం మీద చెయ్యి పెట్టుకుని, వేళ్ళ మధ్యనుంచి నెత్తురు కారుతుంటే ఆశ్చర్యంగా చూసుకుంటోంది. అక్కను చూసి మొహం ఎత్తింది.

"లూజయిందక్కా" అంది.

అంతలోనే ఆమె తల పక్కకు వాలిపోయింది. పంపుహౌసు వాళ్ళు నీళ్ళు తెచ్చి నోట్లో పోశారు, అవి చెంపల మీదుగా కారిపోయాయి.

గంగరత్న ఏడవలేదు. చెల్లెలి వెనక్కి వెళ్ళి కూర్చుని, కవచాన్ని రెండు పక్కలా పట్టుకుని వీపు మధ్యకు లాగింది. వదులైన జాకెట్టును దర్జీలు ఒంటిమీదే ఉండగా పట్టి, ఎంత తియ్యాలో చూస్తారే, అట్లా లాగి మిగిలిన గుడ్డంతా పిడికిట్లోకి బిగించింది. ముందువైపు అది వన్నూరమ్మ ఛాతీకి చక్కగా పట్టింది. గార్డులు పద్దెనిమిది మంది చుట్టూ నిలబడ్డారు. వాళ్ళలో ఒకరికి కూడా గాటు పడలేదు. మస్తాన్ వచ్చి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసేదాకా గంగరత్న ఆ గుడ్డను వదల్లేదు.